అత్తగారి వాంగ్మూలం

షాపు వెనక గది
మంగళవారం

అత్తయ్యగారికి,

నమస్కారం. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. బాగా లేనిది ఒక్కటే, అది చెప్పడానికే ఈ ఉత్తరం.

నిన్న పొద్దున్న షాపు తెరిచి ఇంకా కౌంటరు కూడా తుడవలేదు, ఒకావిడ లోపలికొచ్చింది. గోడకి వేలాడుతున్నవి చూసి గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. ఏం కావాలండీ అంటే, "డజను చేతిరుమాళ్లు" అంది. ఇది ఆడవాళ్ల లోపలి బట్టల షాపండీ, రుమాళ్లు దొరకవు అన్నాను. "అదేంటమ్మా! మీ అత్తగారు చేతిరుమాళ్ల కొట్టని చెప్పారే!" అంది. ఎవరా అని ఆరా తీస్తే, మీ చెల్లెలు చిన్నత్తయ్యకి వియ్యపురాలట. ఈ ఊళ్లో పనుండి వచ్చి, మన పిల్ల షాపే కదా అని వెతుక్కుంటూ వచ్చిందట.

అత్తయ్యా, పదకొండేళ్లు! పదకొండేళ్లుగా నేను రుమాళ్లు అమ్ముతున్నానా? ఆవిడ ముందు నవ్వేశాను. ఆవిడ వెళ్లాక మాత్రం ట్రయల్ రూములో తలుపేసుకుని కాసేపు కూర్చున్నాను. మీ మీద చాలా కోపం వచ్చింది. అది చల్లారకముందే రాయాలని ఇవాళే రాస్తున్నాను. అన్నట్టు ఆవిడ ఉత్త చేతులతో పోలేదు. ఏం కొందో చెప్పను, అది ఆవిడకీ నాకూ మధ్య మాట.

ఇంకో సంగతి. క్రితంసారి వచ్చినప్పుడు మీరు ఎడమ భుజం పట్టుకునే తిరిగారు. మధ్యాహ్నం కునుకు తీస్తుంటే చూశాను. రెండు భుజాల మీదా గాడులు, వేలు పెడితే దిగబడేంత. అది మీ టైపు మిషన్ చేసిన పని కాదు. మీరు వేసుకునేది మీ సైజు కాదు. బరువు మొయ్యాల్సింది రొమ్ము కింద చుట్టూ ఉండే పట్టీ. అది వదులైతే బరువంతా భుజాల మీద పడుతుంది. నా షాపు గడప మీరు ఎలాగూ తొక్కరు. రెండు కొలతలు చాలు, ఒకటి రొమ్ము కింద చుట్టూ, ఒకటి నిండుగా ఉన్నచోట చుట్టూ. ఫోన్లో అడిగితే పెట్టేస్తారని కాగితం మీద అడుగుతున్నాను. మీ అబ్బాయి నడిపే బస్సు రేపు మీ ఊరి మీదుగానే వెళ్తుంది, ఆయన చేతికే ఇస్తున్నాను. కవరు అంటించాను.

మీ కోడలు

*

మేడ మీద గది
గురువారం

అమ్మాయ్,

ఉత్తరం చేరింది. కవరు ఈసారి రెండుసార్లు అంటించు. ఇంట్లో ఉన్నది మీ చిన్నత్త కదా, కవరు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు, చదివితే నోట్లో నువ్వుగింజ నానదు.

రుమాళ్ల సంగతి. అవును, చెప్పాను. ఏం చెప్పమంటావు మరి? జిల్లా కోర్టులో ముప్పై రెండేళ్లు టైపిస్టుగా చేసినదాన్ని. నా రిటైర్మెంటు రోజున జడ్జిగారి భార్య "మీ కోడలు దేని వ్యాపారం చేస్తుందండీ" అని పదిమందిలో అడిగింది. నాకు నోరు తిరగలేదు. చేతిలో రుమాలుంది, అదే చెప్పాను. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి పది అబద్ధాలు కావాలని కోర్టులో రోజూ చూసినదాన్నే. అయినా ఏం లాభం? ఈమధ్య నువ్వు వాటికి అంచులు కూడా కుట్టిస్తున్నావని చెప్పాను.

నువ్వు ట్రయల్ రూములో కూర్చున్నావని చదివి బాధేసింది. అది మాత్రం నిజం.

నా భుజాల జోలికి రాకు. ముప్పై రెండేళ్లు మిషన్ కొట్టిన భుజాలు నొప్పి పెట్టక పాట పాడతాయా? నిద్రపోయే మనిషిని అంత పరీక్షగా చూడటం ఎక్కడి మర్యాద? కొలతల మాట మళ్లీ ఎత్తకు.

మీ అత్త

తా.క. కొలతలు పంపమని మీ చిన్నత్త చెవిలో జోరీగలా పోరుపెడుతోంది. దాని బాధ పడలేక రెండు అంకెలు టైపు చేసి విడిగా పెట్టాను. చూసి చించెయ్.

*

షాపు
శనివారం

అత్తయ్యగారికి,

మీ చీటీ చూసి ఒక నిమిషం ఆలోచించాను. మిమ్మల్ని కళ్లతో చూసినదాన్ని, ఈ అంకెలు నాకు కొంచెం తక్కువ అనిపించాయి. కానీ జిల్లా కోర్టు టైపిస్టు ఒక్క అంకె తప్పు కొట్టదని మీ అబ్బాయి ఒట్టేశాడు. అందుకని ఆ కొలతకే తీసి పార్సిల్ పంపుతున్నాను. లోపల ఏముందని అడగొద్దని ఆయనకి చెప్పాను. "రుమాళ్లేగా" అన్నాడు. తల్లికి తగ్గ కొడుకు.

మీరెప్పుడూ నా షాపు లోపలికి రాలేదు కాబట్టి చెప్తాను. మాది పెద్ద అపార్టుమెంటు. పైన నలభై ఫ్లాట్లు, కింద ఏడు షాపులు. నాదానికి రెండు తలుపులు. ముందుది వీధిలోకి, వెనకది లిఫ్టు పక్కకి. పైన ఫ్లాట్ల ఆడవాళ్లంతా వెనక తలుపు నుంచే వస్తారు, చెత్తబుట్టో పాలసీసానో చేత్తో పట్టుకుని, వేరే పని మీద దిగినట్టు. రెండుసార్లు తడితే కస్టమరని అర్థం. లోపలికొచ్చాక మాత్రం నోరు విప్పుతారు. నిన్న బేకరీ నడిపే ఆవిడ వచ్చింది. పిండి బస్తాలు ఎత్తే మనిషి. సరైనది వేసుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగి, "ఇన్నాళ్లూ నా ఒళ్లే బాగాలేదనుకున్నాను" అంది. అదే మాట ఎంతమంది అంటారో!

వేసుకుని ఎలా ఉందో రాయండి.

మీ కోడలు

*

మేడ మీద గది
బుధవారం

కోడలు పిల్లా,

నన్ను చంపుదామనే పంపావా?

హుక్కులు పెట్టడానికి మీ చిన్నత్త వెనక నిలబడి, మోకాలు నా నడుముకి ఆనించి లాగింది. ఎలాగో పెట్టింది. పెట్టాక నాకు ఊపిరి లోపలికి పోయింది గాని బయటికి రాలేదు. ఇక తియ్యబోతే రావు! ఆఖరికి కూరగాయలు కోసే కత్తెర తెచ్చింది. నీ సరుకు రెండు ముక్కలైంది, నేను బతికాను. ఇదేనా నీ పదకొండేళ్ల అనుభవం? బేకరీ ఆవిడ కూడా ఇలాగే తిరిగిందా అద్దం ముందు?

నా అంకెల్లో తప్పు లేదు. మీ చిన్నత్త స్వెట్టర్లు అల్లే ఊలుతో కొలిచాం. గట్టిగా లాగి పట్టుకుని, కత్తిరించి, బల్ల మీద పెట్టి స్కేలుతో చూశాను. రెండుసార్లు సరిచూశాను కూడా.

మీ అత్త

*

షాపు
శుక్రవారం

అత్తయ్యా,

నవ్వి నవ్వి కడుపు నొప్పి వచ్చింది. ఊలా! ఊలు లాగితే సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. మీరు బిగించి చుట్టిందొకటి, బల్ల మీద కొలిచింది ఇంకొకటి. మధ్యలో మూడు అంగుళాలు మాయం. ఈ తప్పు చెయ్యడానికి ఒక టైపిస్టూ ఒక స్వెట్టర్లావిడా ఒకే ఇంట్లో ఉండాలి.

తప్పు నాది కూడా. కళ్లకి తక్కువ అనిపించినప్పుడు మిమ్మల్ని మళ్లీ అడగాల్సింది. ఈసారి సాగనిది ఏదైనా తీసుకోండి. బిగించొద్దు, వదులూ వద్దు, మామూలుగా ఊపిరి తీసుకుంటూ చుట్టండి. అంకెలు వద్దు, ఆ ముక్కలే కవర్లో పెట్టి పంపండి.

ఇవాళ ఇంకేం రాయబుద్ధి కావడం లేదు. ఊరికే ఒక మాట అడుగుతాను, మీకు తెలుస్తుందని. ఒక నోటీసులో "జవాబు రానిచో అభ్యంతరం లేదని భావించబడును" అని ఉంటే, జవాబు ఎవరివ్వాలి? వేరేవాళ్ల కోసం అడుగుతున్నాను.

మీ కోడలు

*

మేడ మీద గది
సోమవారం

అమ్మాయ్,

ముక్కలు పంపుతున్నాను. సాగనిది కావాలన్నావు, ఇల్లంతా వెతికితే నా పాత టైపు మిషన్ రిబ్బను దొరికింది. గుడ్డది, పిసరంత సాగదు. కొలత బ్రహ్మాండంగా వచ్చింది. తీశాక చూసుకుంటే ఒంటి చుట్టూ రెండు నల్లటి చారలు. రెండు రోజులు సబ్బు పెట్టి తోమినా పోలేదు. మీ చిన్నత్త నన్ను చూసినప్పుడల్లా "కార్బన్ కాపీ ఎక్కడ?" అంటోంది. దాన్ని ఏం చెయ్యాలో నాకు తోచడం లేదు.

ఇక అసలు సంగతి. "వేరేవాళ్ల కోసం" అని రాసేవాళ్లందరూ తమ కోసమే అడుగుతారని నేను కోర్టులో చేరిన మొదటి వారమే నేర్చుకున్నాను. మీ ఆయన బస్సు ఆగిన పది నిమిషాల్లో నిలేసి అడిగాను. వాడు నీళ్లు నమిలి, నమిలి, కక్కాడు. నీ షాపు ఖాళీ చెయ్యమంటున్నారట. నోటీసు వచ్చి మూడు వారాలైందట. మూడు వారాల్లో నాకు మూడు ఉత్తరాలు రాశావు, ఒక్క ముక్క చెప్పలేదు.

ఎందుకు దాచావు?

మీ అత్త

*

షాపు వెనక గది
గురువారం

అత్తయ్యగారికి,

ఎందుకు దాచానంటే, మీరు సంతోషిస్తారని. పీడా పోయిందనుకుంటారని. తప్పుగా అనుకుంటే క్షమించండి, కానీ నిజం అదే.

అపార్టుమెంటు కమిటీ రాసింది. ఈ నెలాఖరు సమావేశంలో ఒప్పుకుంటేనే అద్దె గడువు పొడిగిస్తారట, లేకపోతే ఖాళీ చెయ్యాలి. కారణం, "కుటుంబాలు నివసించే చోట ఇటువంటి దుకాణం వలన స్త్రీలకు ఇబ్బంది కలుగుచున్నది." స్త్రీలకు ఇబ్బంది అని సంతకం పెట్టినవాళ్లు అయిదుగురు, అయిదుగురూ మగవాళ్లే. ఇది పోతే నాకింకెవరూ ఇవ్వరు. ఈ గది దొరకడానికే మూడేళ్లు తిరిగాను, "ఏం షాపు?" అనడం, నేను చెప్పడం, తలుపు వేసుకోవడం.

ప్రెసిడెంటు గారి దగ్గరికి వెళ్లాను. చెడ్డవాడేం కాదు. "ఈ షాపు వల్ల ఉపయోగం ఉందని ఇక్కడి ఆడవాళ్లు ఒక్కరు వచ్చి చెప్పినా ఆలోచిస్తానమ్మా" అన్నాడు. అక్కడే దొరికిపోయాను. నలభై ఫ్లాట్లలో ముప్పై ఒక్క ఫ్లాటు వాళ్లు నా దగ్గరే కొంటారు. నోరు తెరిచి అడగలేక అడిగాను అయిదారుగురిని. ఒకావిడ ఏడ్చింది, "మా మామగారు ఆ మీటింగులో ఉంటారమ్మా" అని. ఒకావిడ అసలు నన్ను ఎరగనట్టే మాట్లాడింది. వాళ్లని ఏమనగలను? రహస్యంగా ఉంటుందనేగా నా దగ్గరికి వస్తారు. పిల్లి మెడలో గంట ఎవరు కడతారు?

రిబ్బను ముక్కలు అందాయి. నా వేళ్లు కూడా నల్లగా అయ్యాయి. ఈసారి నా మనసుకి కూడా సరిపడింది. పార్సిల్ పంపుతున్నాను.

మీ కోడలు

*

మేడ మీద గది
తొమ్మిదో తారీఖు

అమ్మాయ్,

నిన్న వేసుకున్నాను.

మొదట ఏదో తప్పు జరిగిందనుకున్నాను, భుజాల మీద ఏమీ తెలియడం లేదు. పట్టీలు ఉన్నాయా లేవా అని చేత్తో తడుముకున్నాను. ఉన్నాయి. సాయంత్రం దాకా చూశాను, ఇప్పుడు నొప్పి మొదలవుతుంది, ఇప్పుడు మొదలవుతుంది అని. మొదలవలేదు. నొప్పి మందు సీసా మూత తియ్యకుండా పడుకున్నాను. పొద్దున్న లేచి ఆ సీసా మీ చిన్నత్తకి చూపించాను. అది నన్ను చూసి ఏడ్చింది, దాన్ని చూసి నేను ఏడ్చాను. తర్వాత కాఫీ తాగాం.

నీ ఉత్తరంలో మాట నాకు గుచ్చుకుంది. నేను సంతోషిస్తాననుకున్నావు. ఎలా అనుకున్నావని నిన్ను చెడామడా తిట్టాలని కూర్చున్నాను. కానీ నీకు అబద్ధం ఎందుకు రాయాలి? వాడు చెప్పగానే, ఒక్క క్షణం, హమ్మయ్య అనిపించింది. ఒకే ఒక్క క్షణం. దానికి సిగ్గుపడుతున్నాను. రుమాళ్ల అబద్ధానికి కూడా ఇంత సిగ్గుపడలేదు.

ఇప్పుడు పనికొచ్చే మాట. సాక్ష్యం నీ దగ్గరే ఉంది. కస్టమర్ల కొలతలన్నీ కార్డుల మీద రాసి డబ్బాలో పెడతావని వాడు చెప్పాడు. పేర్లు లేకపోయినా ఫ్లాటు నంబర్లుంటాయటగా. ఆ డబ్బా తీసుకెళ్లి మీటింగులో బల్ల మీద పెట్టు. ముప్పై ఒక్క కార్డు! ఏ కోర్టయినా రెండో మాట మాట్లాడదు. అయిదుగురు సంతకందారుల ఇళ్లలోంచి ఎన్ని కార్డులున్నాయో వాళ్లే చదువుకుంటారు.

ఆ నోటీసు నకలూ, కమిటీ నియమాల పుస్తకమూ వాడికిచ్చి పంపు. ఊరికే, చదువుతాను.

మీ అత్త

*

షాపు వెనక గది
పదమూడో తారీఖు

అత్తయ్యగారికి,

మీ ఉత్తరం మొదటి సగం నాలుగుసార్లు చదివాను. అది చాలు నాకు. షాపు ఉన్నా పోయినా ఆ సగం దాచుకుంటాను.

రెండో సగం మాత్రం నా వల్ల కాదు. అయిదు సంతకాల్లో నాలుగిళ్ల కార్డులు నా డబ్బాలో ఉన్నాయి, నాకు తెలుసు. నిన్న డబ్బా తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను కూడా. ఒక కార్డులో ఆపరేషన్ అయిన ఆవిడ ఉంది, ఇంట్లో మొగుడికి తప్ప ఎవరికీ తెలియదు. ఒక కార్డులో కాన్పయిన నెలకి వచ్చి, "నా ఒళ్లు నాదిలా లేదండీ" అని గంటసేపు కూర్చున్న పిల్ల ఉంది. వాళ్లు నన్ను నమ్మి బట్టలు విప్పారు అత్తయ్యా. నా షాపు నిలబెట్టుకోవడానికి వాళ్లని బజార్లో నిలబెడితే, ఆ తర్వాత ఆ షాపు దేనికి?

మీరు తిడతారని తెలుసు. తిట్టండి. కార్డులు మాత్రం బయటికి రావు. సమావేశం ఇరవై ఎనిమిదిన. ఏమైతే అదే అవుతుంది. నోటీసు, పుస్తకం పంపుతున్నాను.

మీ కోడలు

*

మేడ మీద గది
పదహారో తారీఖు

అమ్మాయ్,

తిట్టను. నీదే రైటు. నాది కోర్టు బుద్ధి, గెలిచేదాకా గుమ్మం దిగదు.

నియమాల పుస్తకం చదివాను. చక్కగా రాశారు, ఎవరూ చదివినట్టు లేదు. నువ్వు కార్డులు బయట పెట్టలేవు. నీ కస్టమర్లు నోరు విప్పలేరు. నోరు విప్పితే పోయేదేమీ లేని కస్టమరు నీకు ఒకతే ఉంది, అరవై తొమ్మిదేళ్లది. ఈ కవర్లో ఇంకో కవరుంది. దాన్ని నువ్వు విప్పకుండా నేరుగా కమిటీ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకో.

మీ అత్త

*

అపార్టుమెంటు కమిటీ ప్రెసిడెంటు గారికి, సభ్యులకి

అయ్యా, అమ్మా,

నా వయసు అరవై తొమ్మిది. జిల్లా కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరయ్యాను. ఎవరి బలవంతమూ లేకుండా, బుద్ధి సరిగ్గా ఉండగా ఈ సంగతులు చెబుతున్నాను.

మీరు ఖాళీ చెయ్యమంటున్న షాపు నడిపేది నా కోడలు. ఆ మాట బయట చెప్పడానికి సిగ్గుపడి పదకొండేళ్లు అది చేతిరుమాళ్ల కొట్టని అబద్ధం చెప్పాను. కాబట్టి నేను కోడలి పక్షం అనుకోవద్దు. మొన్నటిదాకా నాది మీ పక్షమే.

మా అబ్బాయి పుట్టిన ఏడాది, పాతవి సరిపోక ఒక షాపుకి వెళ్లాను. కౌంటరు వెనక మగమనిషి. ఏం కావాలన్నాడు. నోరు పెగల్లేదు. అలమారులో పెట్టెలకేసి వేలు చూపించాను. ఆయన నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, ఒక పెట్టె తీసి బల్ల మీదకి విసిరాడు. పక్కన బేరమాడుతున్న మగవాళ్లు నవ్వారు. ఇంటికొచ్చి వేసుకుంటే సరిపోలేదు. మార్చుకోవడానికి మళ్లీ ఆ మనిషి ముందు నిలబడేకంటే ఓర్చుకోవడమే నయమనిపించింది. ఆ పెట్టె మీదున్న నంబరే నలభై ఏళ్లు కొన్నాను.

భుజాల మీద గాడులు పడ్డాయి. మందులు రాశాను, డాక్టర్లకి చూపించాను, టైపు మిషన్ని తిట్టాను. కోర్టులో అందరి బాధలూ నకళ్లతో సహా టైపు చేసినదాన్ని, నా బాధ మాత్రం ఎవరికీ చెప్పలేదు. దొంగకి తేలు కుట్టినట్టు ఊరుకున్నాను, ఏ దొంగతనమూ చెయ్యకపోయినా.

ఈ నెల ఎనిమిదో తారీఖున నా కోడలు కొలత చూసి పంపింది వేసుకున్నాను. ఈ కాగితాలు మొత్తం ఒక్కసారి కూడా భుజం పట్టుకోకుండా టైపు చేశాను. నలభై ఏళ్లలో ఇది మొదటిసారి. ఆ అమ్మాయి నన్ను చూసి నవ్వలేదు, నా నంబరు ఎవరికీ చెప్పలేదు, విసరలేదు. మీ అపార్టుమెంటులో ఆడపిల్లలు ఉండే ఉంటారు. వాళ్లు వేలు చూపించే షాపుకి వెళ్లాలా, అడిగి తెలుసుకునే షాపుకి వెళ్లాలా అన్నది మీరు తేల్చాలి.

స్త్రీలకు ఇబ్బంది అని మీ నోటీసులో ఉంది. ఒక్క స్త్రీ సంతకమూ లేదు. సాక్షి లేని ఫిర్యాదుని మా కోర్టులో గుమాస్తా కూడా ముట్టుకునేవాడు కాదు.

మీ పద్నాలుగో నియమం ప్రకారం ఈ ఉత్తరాన్ని సమావేశానికి ముందు అయిదు రోజులు నోటీసు బోర్డులో ఉంచాలి, సమావేశంలో ప్రెసిడెంటు స్వయంగా చదవాలి. ఇరవై రెండో నియమం ప్రకారం ఫ్లాటుకి ఒక ఓటు. అది మగవాళ్లే వెయ్యాలని ఎక్కడా లేదు.

ఆ వస్తువు పేరు ఇప్పటిదాకా రాయలేదు. చదివేటప్పుడు మీరు తప్పించుకోకుండా ఇప్పుడు రాస్తున్నాను. నేను మీ కింది అంతస్తు షాపులోని బ్రా వేసుకుంటాను. అది నాకు సరిపోయింది.

ఇట్లు,
కోడలి అత్తగారు

*

షాపు
ముప్ఫయ్యో తారీఖు

అత్తయ్యా,

ఫోన్లో చెప్తానంటే, పద్ధతిగా మొదటినుంచీ కాగితం మీద రాయమన్నారు. రాస్తున్నాను.

మీ ఉత్తరం అయిదు రోజులు లిఫ్టు పక్క బోర్డులో ఉంది. మొదటి రోజు సెక్రటరీ దానిమీద నీళ్ల ట్యాంకు కాగితం అతికించాడు. సాయంత్రానికి ఎవరో దాన్ని పీకి పక్కన పెట్టారు. మళ్లీ అతికించాడు, మళ్లీ పీకారు. మూడో రోజు నుంచి ఆ లిఫ్టు ఎప్పుడూ కిందే ఉండేది. ఎక్కాల్సిన వాళ్లు చదువుతూ నిలబడిపోయేవాళ్లు. నా వెనక తలుపు మాత్రం అయిదు రోజులూ ఎవరూ తట్టలేదు. సరే, అయిపోయింది అనుకున్నాను. సర్దడానికి అట్టపెట్టెలు కూడా తెచ్చి పెట్టుకున్నాను.

ఎప్పుడూ పదిహేనుమంది మగవాళ్లు వచ్చే సమావేశానికి మొన్న కుర్చీలు చాల్లేదు. ఆడవాళ్లు వచ్చారు. వెనక వరసల్లో కూర్చుని, నావైపు చూడకుండా, నేలచూపులు చూస్తున్నారు. ప్రెసిడెంటు గారు మీ ఉత్తరం చదవడం మొదలుపెట్టారు. "ఇది రాసింది నిజంగా మీ అత్తగారేనా?" అని మధ్యలో ఆపి అడిగారు. అవునండీ, మా అత్తగారే అన్నాను. ముందు వరసలో ఒక పెద్దాయన "అత్త కోడలి తరఫున సాక్ష్యమా! నా జన్మలో వినలేదు" అన్నాడు. అందరూ నవ్వారు, నేను కూడా.

పెట్టె విసిరిన చోటికి వచ్చేసరికి ఎవరూ నవ్వలేదు. చివరి పేరాకి వచ్చేసరికి ఆయన ఆగి మంచినీళ్లు తాగారు. కళ్లజోడు తుడుచుకున్నారు. ఆఖరికి ఆ ఒక్క మాటని గొణిగి, గబగబా ముగించేశారు. వెనక వరసలోంచి ఒక గొంతు, "వినపడలేదండీ, మళ్లీ చదవండి" అంది. బేకరీ ఆవిడ! ఆయన మళ్లీ చదివారు. "ఇంకొంచెం గట్టిగా" అంది ఇంకో మూల నుంచి, మామగారికి భయపడి నా దగ్గర ఏడ్చిన ఆవిడ. మామగారు పక్కనే ఉన్నాడు. మూడోసారికి ప్రెసిడెంటు గారు హాలంతా మోగేలా చదివారు. మీరు వినాల్సింది.

గడువు పొడిగించడానికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నారు.

మా పనిలో ఆఖరి పరీక్ష ఒకటుంది. అంతా సరిచూశాక కస్టమర్ని చెయ్యి పైకెత్తమంటాం. వీపు మీద పట్టీ పైకి పాకకూడదు, భుజం మీద పట్టీ జారకూడదు. ఇరవై ఆరు చేతులు లేచాయి. కళ్లనిండా నీళ్లు, ఎదురుగా నా బతుకు నిలబడిన లెక్క, అయినా పాడు అలవాటు, నేను చూస్తున్నది భుజాలు. ఒక్కరిదీ జారలేదు. ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను.

కాదు, ఒకావిడది జారింది. చెయ్యి అలాగే ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో భుజం దగ్గర సర్దుకుంది. ప్రెసిడెంటు గారి భార్య. ఆవిడ నా దగ్గరికి ఎప్పుడూ రాలేదు, ఆవిడ కార్డు నా డబ్బాలో లేదు. అయినా ఎత్తిన చెయ్యి ఆయన ముందే, లెక్క పూర్తయ్యేదాకా దించలేదు.

మూడేళ్లకి పొడిగించారు.

నిన్న పొద్దున్న పది గంటలకి, వీధిలో జనం తిరుగుతుండగా, ముందు తలుపు తోసుకుని ప్రెసిడెంటు గారి భార్య లోపలికొచ్చింది. ఏం కావాలండీ అన్నాను. గోడకేసి వేలు చూపించబోయి, చెయ్యి దించేసింది.

"నాకు బ్రా కావాలమ్మా," అంది. "నా సైజెంతో నాకు తెలియదు. చూసి చెప్తావా?"

మీ కోడలు